బాతుల దొడ్డి, వెదురు దబ్బ, మన చరిత్ర

ఎరుకల జాతి చరిత్ర అనగానే ఏకలవ్యుడితో మొదలుపెట్టి, ఎరుకల నాంచారమ్మ మీదుగా వచ్చి స్టువర్టుపురం దగ్గర ఆగడం మన సంచికల్లో రివాజు. ఆ కథలు చెప్పుకోవలసినవే. ఈసారి మేము మాత్రం చాలా చిన్న వస్తువును పట్టుకుని చరిత్ర చెప్పదలచాం. పెరట్లో బాతులకు కట్టే దొడ్డి అది. నవ్వకండి. నక్కకు, కుక్కకు అందకుండా ఊళ్లోని పక్షులను రాత్రి కాపాడిన గంపలూ తడికలూ ఎవరు అల్లారు? తెల్లారి ఒక పక్షి కనపడకపోతే ఊరు ముందుగా ఎవరి గుడిసెలు వెతికింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

మనలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని తెగలున్న సంగతి పెద్దలకు తెలుసు. 1909లో వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలోనూ వృత్తిని బట్టి వచ్చిన ఇలాంటి పేర్లు నమోదయ్యాయి. వెదురును నిలువునా చీల్చి తీసిన దబ్బతో బుట్టలూ తట్టలూ చేటలూ అల్లినవాళ్లు దబ్బ ఎరుకల. వెదురు దొరకని చోట ఈత బరిగెలతో, ఈతాకుతో అల్లారు. మేదరులదీ వెదురు పనే. ఒకే సంతలో వాళ్లూ మనవాళ్లూ పక్కపక్కన కూర్చుని అమ్మిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును పైప్రాంతాలకు మోసి, అక్కడి ధాన్యం తెచ్చిన ఉప్పు ఎరుకల వ్యాపారాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో సర్కారు ఉప్పు విధానమూ, ఆ వెంట వచ్చిన రైలూ దెబ్బతీశాయి. ఈ కథను మీనా రాధాకృష్ణ తన 'డిస్‌ఆనర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వివరంగా రాశారు. బేరం పోయిన కుటుంబాలకు చేతిలో మిగిలినవి కత్తీ, దబ్బా, నాలుగు పందులూ.

అదే కాలంలో కోస్తాలో మరో మార్పు జరిగింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. మెట్ట చేలు వరిమడులయ్యాయి. వరి ఉన్నచోట బాతుకు బతుకుంది. కోత అయ్యాక మడిలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు దాని తిండి. బాతులవాళ్లు గుంపును ఒక ఊరి మళ్ల నుంచి ఇంకో ఊరి మళ్లకు తోలుకుపోతారు. రెట్ట ఎరువు అవుతుంది కనుక రైతులు వద్దనరు. సాయంత్రానికి గట్టు మీద తడికలు గుండ్రంగా నిలబెట్టి గుంపును లోపలికి తోలతారు. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. అందుకే పొద్దెక్కేదాకా తడిక తియ్యరు. తొందరపడి తీస్తే గుడ్లు కాలవ పాలవుతాయి. మందలో తిరిగే బాతు సరిగ్గా పొదగదని ఆ గుడ్లను కోడిపెట్ట కింద పెట్టేవారు. ఇరవై ఒక్క రోజులకు లేవడం అలవాటైన పెట్టను ఇరవై ఎనిమిది రోజులు కూర్చోబెట్టడం కూడా ఒక విద్యే.

ఇక దొడ్డి సంగతి. కోడిగంప బాతుకు పనికిరాదు. కోడి దండెం ఎక్కి నిద్రపోతుంది, బాతు నేల మీదే పడుకుంటుంది. రాత్రి ఏదైనా అలికిడైతే బాతులన్నీ ఒక మూలకు తోసుకుపోయి, ఒకదాని మీద ఒకటి పడి అడుగువి ఊపిరాడక చస్తాయి. అందుకని దొడ్డికి మూలలుండకూడదు. పది బాతులకు ఏడడుగుల వెడల్పున్న గుండ్రం సరిపోతుంది. అంటే ఇరవై రెండు అడుగుల తడిక. ఇది రాత్రి నిద్రకు చాలిన చోటే. పగలు తిరగడానికి ఒక్కో బాతుకు కనీసం పది పదిహేను చదరపు అడుగులైనా వదలాలి.

అల్లిక అంతా ఒకే రకంగా ఉండకూడదు. కింద మోకాలెత్తు దాకా దబ్బను బిగించి, వేలు కూడా దూరనంత దగ్గరగా నెయ్యాలి. అడవిపిల్లి సందులోంచి పంజా పెట్టి, దొరికిన తలను దొరికినట్టు లాగేస్తుంది. ముంగిసకైతే మరీ చిన్న సందు చాలు. మోకాలు పైన మాత్రం కళ్లు వదులుగా ఉంచాలి. బాతు తడి జంతువు. కాళ్లతో, ముక్కుతో, రెట్టతో పక్కంతా తడిపేస్తుంది. గాలాడకపోతే గడ్డి ముక్కిపోతుంది, బూజు పడుతుంది. బూజు విషానికి కోడి కన్నా బాతు తొందరగా పోతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క పెట్టి మందనే పోగొట్టుకున్నవాళ్లున్నారు. నక్కా కుక్కా తవ్వి వస్తాయి కనుక తడిక అడుగును జానెడు లోతు పూడ్చి, బయట చుట్టూ తుమ్మ కంప పరవాలి. పైన కప్పు తప్పనిసరి. పిల్లలున్నప్పుడు పగలు కూడా గద్దకు అందకుండా పైన వల ఉండాలి. వాకిలి వెడల్పుగా ఉంచండి. బాతులు వరసగా రావు, అన్నీ ఒక్కసారే దూరతాయి. నీళ్లతొట్టి పడక దగ్గర పెట్టొద్దు. దొడ్డికి అవతల ముక్కూ కళ్లూ మునిగేంత లోతున్న తొట్టి ఉంటే చెరువు లేకపోయినా బాతు బతుకుతుంది.

ఈ రోజుల్లో ఇనుప వల వాడేవాళ్లు కోళ్ల మెష్ అని అడిగి తెస్తారు. ఆ సన్నతీగ వల బాతును లోపల ఉంచుతుందే కానీ కుక్కను బయట ఉంచదు. అతుకు వేసిన గట్టి తీగతో, అర అంగుళం కన్నున్న వల తేవాలి. దబ్బ తడికకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు.

ఇంత తెలిసిన జాతిని సర్కారు ఏమని రాసుకుంది? ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మనవాళ్ల పేర్లు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరొకటి నడిపింది. స్టువర్టుపురం నుంచి చీరాల పొగాకు కార్ఖానాకు కూలీలు వెళ్లారు. బుట్టల పనికి తిరుగుడే ప్రాణం. వెదురు ఒక చోట, సంత ఒక చోట, కొనేవాడు ఇంకో చోట ఉంటారు. సంతకెళ్లడానికి పాసు అడగవలసి వస్తే గంప ఎవరికి అమ్మాలి? హాజరుకు భయపడి ఇంటి దగ్గరే ఉండిపోతే, పని లేని జాతి అని మళ్లీ రాసుకుంటారు. చట్టం చేసిన గాయాల్లో ఇది పెద్దదని మా అభిప్రాయం. వేలిముద్రల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడలేదు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్తుల చట్టం వచ్చి కూర్చుంది. కాగితం మారినంత సులువుగా ఊరి అనుమానం మారలేదు. కోడి పోయినా బాతు పోయినా పిల్లి పంజా గుర్తుల కోసం నేల చూడకుండా, నేరుగా మన గుడిసెల వైపు నడిచే అలవాటు ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. తెలంగాణ ప్రాంతంలోని మనవాళ్లకు షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 సవరణ చట్టంతో గానీ రాలేదు.

వెదురు కథ వేరే ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి అడవి వెదురు మీద సర్కారు పట్టు బిగిసింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. గడ్డిజాతి మొక్క తొంభై ఏళ్లు చెట్టుగా చెలామణి అయింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది, 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురుకు ఆంక్షలు పోయాయి. మంచిదే. కానీ మైదానంలో బతికే దబ్బ ఎరుకల ఇంటికి అడవి హక్కూ లేదు, వెదురు పెంచుకునే చెలకా లేదు. డిపోలోనో అడితీలోనో కొన్న బొంగుతో అల్లిన గంప, ప్లాస్టిక్ వల ధరతో పోటీ పడాలి.

అయినా బాతులు పెంచే ఇళ్లు కొన్నిచోట్ల మళ్లీ తడిక అడుగుతున్నాయి. నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన వెదురుతో అల్లితే తొందరగా పుచ్చదు. ఆ నానబెట్టే పద్ధతి, బిగింపు అల్లిక తెలిసిన ఆడవాళ్లు మన కాలనీల్లో ఇంకా ఉన్నారు. ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. వచ్చే సంచిక కోసం మేము అల్లికల చిత్రాలు సేకరిస్తున్నాం. పాత గంప ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని బోర్లించి, అడుగు ఎక్కడ మొదలైందో కనపడేలా ఫోటో తీసి పంపండి. పైఅంచువి మాకు చాలానే వచ్చాయి, అడుగువి ఒక్కటీ రాలేదు.