జీతం లేని పుస్తకశాల: ‘బౌండ్ టుగెదర్’ నిర్వహణలో సమానత్వ ప్రశ్న

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 1976లో ఏర్పడి, 1983లో హైట్ వీధికి తరలిన ‘బౌండ్ టుగెదర్’ అరాజకవాద సాహిత్యాన్ని విక్రయించే పుస్తకశాల. (అరాజకత్వమంటే తెలుగులో అల్లకల్లోలమే స్ఫురిస్తుంది, ఇక్కడ మాత్రం అది పెత్తనం లేని వ్యవస్థకు పేరు.) దీనికి యజమాని లేడు, జీతగాడూ లేడు. స్వచ్ఛంద సభ్యులే వంతులవారీగా దుకాణం తెరుస్తారు, పుస్తకాలు తెప్పిస్తారు, సమావేశాల్లో ఏకాభిప్రాయంతో నిర్ణయిస్తారు.

జీతం లేకపోవడాన్ని కేవలం త్యాగంగా వర్ణించడం చరిత్రను తేలిక చేయడమే. వేతనాల భారం లేనందువల్లనే స్వల్ప రాబడిపై ఇటువంటి దుకాణం నిలవగలదు. అయితే వంతుకు రాగలిగేది తీరిక ఉన్నవారే. తరచుగా వచ్చేవారికే బాకీలు, సరఫరాదారులు, పాత తగాదాలు తెలుస్తాయి. సమావేశంలో తెలిసినవారి మాటే నెగ్గుతుంది. జో ఫ్రీమన్ స్త్రీవాద బృందాల అనుభవం నుండి 1970ల తొలినాళ్లలో రాసిన ‘నిర్మాణరాహిత్యపు నిరంకుశత్వం’ వ్యాసం ఈ కంటికి కనబడని పెత్తనాన్నే విశ్లేషించింది. నియమాలు రాసుకోని చోట స్నేహబృందాలే పాలకవర్గాలవుతాయన్నది ఆమె వాదసారం.

బాల్టిమోర్‌లో వేరొక మార్గం కనిపిస్తుంది. స్వచ్ఛంద బృందం నడిపిన ‘బ్లాక్ ప్లానెట్ బుక్స్’ అనుభవం నుండి 2004లో ‘రెడ్ ఎమ్మాస్’ పుట్టి, శ్రామికులే యజమానులైన సహకార సంస్థగా రూపొందింది. శ్రమకు వేతనం దక్కింది గానీ, పుస్తకాల పక్కన కాఫీ, భోజనం అమ్మవలసి వచ్చింది. ‘బౌండ్ టుగెదర్’ సభ్యులు ఆ దారి పట్టలేదు. జీతం లేని పద్ధతిలోనే ఉంటూ 1990ల మధ్యకాలంలో బే ఏరియా అరాజకవాద పుస్తక ప్రదర్శనకు శ్రీకారం చుట్టారు.