ఒంటి గుర్తులు, షిఫ్టు వేళలు: బొగ్గుబాయి ప్రాంతంలో స్త్రీ లైంగిక ప్రతిస్పందన

గోదావరిఖనిలో బాయి పనివారి ఇంటి దినచర్యను షిఫ్టు నడుపుతుంది. మొదటి షిఫ్టు వారమైతే ఇల్లాలు కోడికూతకు ముందే లేచి టిఫిన్ డబ్బా సర్దాలి. సెకండ్ షిఫ్టు వారంలో అర్ధరాత్రి దాకా అన్నం వేడిగా ఉంచాలి. నైట్ షిఫ్టు వారంలో ఆయన పగలు పడుకుంటే పిల్లల గోల వినబడకుండా కాచుకోవాలి. కార్మికుడి నిద్ర గని భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి దాని గురించి నలుగురూ మాట్లాడతారు. ఆమె నిద్ర ఎవరి లెక్కలోకీ రాదు. స్త్రీ లైంగిక ప్రతిస్పందనపై గత అరవై ఏళ్ల పరిశోధనను ఈ ఇంటి వేళలతో కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒంటి గుర్తులు శరీరంలో ఏం జరుగుతోందో చెబుతాయి గాని, ఆమె మనసు మాట చెప్పవు. గుర్తులు రానప్పుడు ఆమెలో లోపం వెతికే ముందు ఆమెకు దక్కిన నిద్రనూ ఏకాంతాన్నీ చూడాలి.

అమెరికా శాస్త్రవేత్తలు మాస్టర్స్, జాన్సన్ 382 మంది స్త్రీలనూ 312 మంది పురుషులనూ ప్రయోగశాలలో పరిశీలించి 1966లో తమ గ్రంథాన్ని వెలువరించారు. ఉద్దీపన మొదలైన 10 నుంచి 30 సెకన్లలోనే యోనిలో తడి కనబడుతుందని వారు గమనించారు. ఈ తడి ముఖ్యంగా ఏదో గ్రంథి నుంచి వచ్చేది కాదు. కటి భాగపు నాడుల ప్రేరణతో యోని గోడల్లోని సన్నని రక్తనాళాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ ఒత్తిడికి ప్లాస్మాలోని ద్రవం, బాయి లోపల రాతి గోడల్లోంచి నీరు ఊరినట్టు, పొరను దాటి బయటికి ఊరుతుంది. యోని లోపలి భాగం వెడల్పవుతుంది, గర్భాశయం పైకి జరుగుతుంది, బయటి మూడోవంతు ఉబ్బి బిగుస్తుంది. చనుమొనలు నిక్కబొడుచుకుంటాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. చాలామందికి ఛాతీపై, మెడపై ఎరుపు పాకుతుంది, అయితే చామనఛాయ ఒంటిపై అది సులువుగా కనబడదు. భావప్రాప్తి వేళ కటి కండరాలు సుమారు 0.8 సెకనుకు ఒకసారి సంకోచిస్తాయి. క్లిటోరిస్ విషయంలో పాఠ్యపుస్తకాలు చాలాకాలం పైకి కనిపించే మొనతోనే సరిపెట్టుకున్నాయి. దానికి లోపల పొడవైన కాళ్లు, ఉబ్బే కణజాలం ఉన్నాయని ఆస్ట్రేలియా శస్త్రవైద్యురాలు హెలెన్ ఓ'కానెల్ 1998లో వివరంగా చూపించారు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి అప్పటికి 29 ఏళ్లు!

ఇక్కడే చిక్కు వస్తుంది. గుండె దడ, చెమట, ముఖం కందడం భయంలోనూ ఉంటాయి, ఎండలోనూ ఉంటాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో వీటిని చూసి ఎవరు ఏం తేల్చగలరు? తడి నమ్మదగిన గుర్తేనా అంటే అదీ కాదు. మెరెడిత్ చివర్స్ బృందం 2010లో ఎన్నో ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించింది. జననాంగాల స్పందనకూ, 'నాకు ఉద్రేకం కలిగింది' అని మనిషి చెప్పే మాటకూ పొంతన పురుషుల్లో 0.66 ఉంటే, స్త్రీలలో 0.26 మాత్రమే. మనసు కోరకున్నా శరీరం స్పందించవచ్చు, కోరినా ఊరుకోవచ్చు. బలవంతానికి గురైన స్త్రీల శరీరం కూడా కొన్నిసార్లు స్పందిస్తుందని, దాన్ని సమ్మతిగా చదవరాదని లెవిన్, వాన్ బెర్లో 2004లో స్పష్టంగా రాశారు. వాత్స్యాయనుడు కామసూత్రాల రెండో అధికరణంలో ఒళ్లు వదులవడం, కళ్లు మూసుకోవడం వంటి గుర్తులు చెప్పాడు. నిశిత పరిశీలనే, కానీ మగవాడు బయటినుంచి చూసి రాసుకున్న పట్టిక. ఆమెను అడగమని చెప్పే అధ్యాయం కోసం ఇంకా చాలాకాలం ఆగాల్సి వచ్చింది.

నిద్ర సంగతికి వద్దాం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 171 మంది యువతులను రెండు వారాలు గమనించిన 2015 నాటి అధ్యయనంలో, ఒక గంట అదనంగా నిద్రపోతే మర్నాడు భాగస్వామితో కలయికకు అవకాశం 14 శాతం పెరిగింది. సగటున ఎక్కువ నిద్రపోయేవారిలో జననాంగాల స్పందన కూడా మెరుగ్గా ఉంది. అక్కడి కళాశాల అమ్మాయిల లెక్కను గోదావరిఖనిలోని ఇల్లాలికి యథాతథంగా అంటగట్టలేం. అయినా అలసిన శరీరం ఆలస్యంగా స్పందిస్తుందన్నది రెండుచోట్లా వర్తించే విషయమే. కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం చాలామంది స్త్రీలలో కోరిక ముందు పుట్టదు, దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక మేలుకుంటుంది. దానికి వ్యవధి కావాలి. రెండు గదుల క్వార్టర్లో అత్తమామలు, ఎదిగిన పిల్లలు ఉండి, ఆయన రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరి, ఆమె మళ్లీ నాలుగున్నరకు లేవాల్సి ఉంటే ఆ వ్యవధి ఎక్కడినుంచి వస్తుంది? తడి రాకముందే కలయిక జరిగితే ఒరిపిడి, మంట. మరుసటిసారి భయంతో కటి కండరాలు ముందే బిగుసుకుంటాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది. దీన్ని 'ఇష్టం లేకపోవడం' అని ఇంట్లో పేరుపెడతారు.

ఆసుపత్రి గదిలో ఇదంతా వేరే రూపంలో వినబడుతుంది. ఆమె తెల్లబట్ట అవుతోందంటుంది, నడుం లాగుతోందంటుంది. గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాలోని రెండు ఊళ్లలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ప్రచురించిన అధ్యయనంలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీరోగం ఉంది. అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవారు దాదాపు 8 శాతమే. కాబట్టి దురద, దుర్వాసన, రంగు మార్పు ఉంటే ఇన్‌ఫెక్షన్ కోసం చూడాల్సిందే. అండం విడుదలయ్యే రోజుల జిగురు, ఉద్రేకపు తడి మాత్రం రోగాలు కావు. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పకపోతే ఆరోగ్య లక్షణమే భయంగా మారుతుంది. మధుమేహం, కొన్ని కుంగుబాటు మందులు, పాలిచ్చే నెలలు, ముట్లుడగడం తడిని తగ్గిస్తాయి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇంత చిన్న వయసులో ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట పడకగది ఫిర్యాదు వినగానే ఆపరేషన్ చరిత్ర అడగడం కనీస వైద్యం.

వెల్లూరులో 149 మంది వివాహితలపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనం, 73.2 శాతం మందికి లైంగిక సమస్య ఉన్నట్టు చూపింది. వాడిన సాధనం రోజెన్ బృందం 2000లో రూపొందించిన 19 ప్రశ్నల సూచిక. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి గురించి గత నాలుగు వారాల అనుభవాన్ని అది అడుగుతుంది. నిద్ర గురించి గాని, పక్కగదిలో ఎవరున్నారని గాని అడగదు. అందుకే ఆ పెద్ద అంకె చూసినప్పుడు అందులో శరీరం వాటా ఎంత, ఇల్లు వాటా ఎంత అన్న సందేహం నాకు తీరదు. సింగరేణి బొగ్గు కంపెనీ ప్రాంతంలో ఈ సూచికను వాడితే ఇంకో ఇబ్బంది ఉంది. వారం వారం మారే షిఫ్టుల్లో నాలుగు వారాలంటే మూడు రకాల రాత్రులూ కలగలిసిపోతాయి. జవాబులను షిఫ్టు వారీగా విడదీసి తీసుకోవాలి. సెకండ్ షిఫ్టు వారంలో రాని తడి, సెలవుమీద పుట్టింటి ఊరికి వెళ్లినప్పుడు వస్తే, ఆమెకు మందు రాయాల్సిన పనిలేదు. ఆమె కూడా కంపెనీ ఉద్యోగే అయితే అడగాల్సిన షిఫ్టులు రెండు. గనిలోపల పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ పనులు స్త్రీలు చేయడానికి 2019 జనవరిలో కేంద్రం అనుమతించింది గదా.

రెండో ప్రశ్నావళి భర్తలకు ఉండాలి, వాళ్లను అడిగే చోటూ ఉంది. 1966 నాటి వృత్తి శిక్షణ నియమాల కింద గని కార్మికులంతా శిక్షణ కేంద్రానికి వస్తూనే ఉంటారు. గ్యాసు గురించి, పైకప్పు గురించి చెప్పే ఆ తరగతుల్లోనే ఒక గంట లేడీ డాక్టరుకు ఇచ్చి, భార్యను ఎలా అడగాలో, ఎంతసేపు ఆగాలో ఆమె చేత చెప్పించవచ్చు.