పాండీ, తిలంగా: ఒక సిపాయికి రెండు పేర్లు

1858 జనవరి 18 రాత్రి రాయపూరు దండులో ఆయుధశాల లస్కరు హనుమాన్ సింగు, సార్జెంట్ మేజరు సిడ్‌వెల్‌ను వధించినాడు. సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగును ఆ పట్టణముననే ఉరితీసి అప్పటికి నలువది దినములైనను కాలేదు. హనుమాన్ సింగు చిక్కలేదు. చిక్కిన పదునేడుగురిని జనవరి 22న ఉరితీసినారు. గాజీ ఖాన్, అబ్దుల్ హయత్, పన్నాలాల్, మాతాదీన్, ఠాకూర్ సింగు, అక్బర్ హుసేన్, బల్లీ దూబే మొదలైన ఆ పేర్లు మనకు దక్కినవి. వానిలో దూబే కలడు గాని, పాండే ఒక్కడును లేడు.

ఐనను నాటి ఆంగ్లేయుల వాడుకలో తిరుగబడిన సిపాయి ఎవడైనను 'పాండీ'యే. జాబులలో, జ్ఞాపకములలో ఈ మాట అడుగడుగున తగులును. వంగసేనలోని అగ్రవర్ణ సిపాయిలలో పాండే అను ఇంటిపేరు విరివిగా ఉండుటయు, 1857 మార్చి 29న బారక్‌పూరులో ఆయుధమెత్తి ఏప్రిల్ 8న ఉరికంబమెక్కిన మంగళ్ పాండే పేరును దీనికి మూలములు. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ కోశము దీనికి చోటిచ్చినది. విచిత్రమేమనగా, పాండే శబ్దమునకు మూలము సంస్కృత 'పండిత'మే. అదే శబ్దము 'పండిట్' రూపమున అంతకు ఎంతో పూర్వమే ఇంగ్లీషులో చేరి గౌరవమందినది. ఒక తల్లి బిడ్డలలో ఒకడు సభకెక్కగా ఒకడు తిట్టైనాడు.

తిట్టుకు వ్యక్తితో పని లేదు. పదునేడుగురిలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, వేర్వేరు కులములవారున్నారు. 'పాండీ' అన్నంతనే వారందరును ఒకే ముఖమైపోవుదురు. ముఖము లేనివానిని ఉరితీయుట సులువు.

తెలుగువారు గమనింపదగిన సంగతి మరొకటి కలదు. ఉత్తరాది జనులు ఇదే సిపాయిని 'తిలంగా' అనిరి. అది మన 'తెలంగ' శబ్దమే. కంపెనీవారు మొదట దక్షిణమున కవాతు నేర్పి, 1756లో క్లైవు వెంట వంగదేశమునకు ఓడలలో పంపిన సిపాయిలను బట్టి పుట్టిన పేరది. పిమ్మట ఆంగ్ల ఫక్కి దుస్తులు తొడిగిన ప్రతి సిపాయికిని, వాడు ఏ దేశమువాడైనను, అదే పేరు స్థిరపడినది. 1857లో ఢిల్లీ ఉర్దూ పత్రములలో తిరుగుబాటు సిపాయిలు 'తిలంగే'లు. దొర పాండీ అన్నవానినే ఢిల్లీ పౌరుడు తిలంగా అన్నాడు. వారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతములవారు. తెలుగు మాట ఎరుగనివారు. నిజమైన తెలుగు సిపాయిలున్న మద్రాసు సేన ఆ యేడు చాలవఱకు కంపెనీ పక్షముననే నిలిచినది.