పది సెంట్ల పద్దు

ఆర్థిక మాంద్యం నాటి అమెరికా సాహిత్యం అనగానే మనవాళ్లకు వెంటనే తోచే పేర్లు రెండో మూడో ఉన్నాయి. స్టయిన్‌బెక్ 1939లో ప్రచురించిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్', క్లిఫర్డ్ ఓడెట్స్ 1935 నాటి నాటకం 'వెయిటింగ్ ఫర్ లెఫ్టీ' - వీటి గురించి మనం సభల్లో మాట్లాడుకున్నాం, వ్యాసాలు రాసుకున్నాం. తరగతిలో నేను కూడా చాలాకాలం వీటి గురించే చెబుతూ వచ్చాను. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఆ రోజుల్లో పని పోయి వీథిన పడ్డవాళ్లు ఈ పుస్తకాలు చదివి ఉంటారా? చదవకపోతే మరి వాళ్లు విన్నదేమిటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ పోయి నేను తేలిన చోటు, అంతవరకు నేను చిన్నచూపు చూసిన చోటు: న్యూయార్కులోని బ్రాడ్వే నాటకశాలలు. అందులోనూ 'రెవ్యూ' అనే ప్రదర్శన.

రెవ్యూకు కథ ఉండదు. ఒక పాట, ఒక ప్రహసనం, ఒక నృత్యం, మళ్లీ ఒక పాట - ఒకదానికొకటి సంబంధం ఉండనక్కరలేదు. 1907లో జీగ్‌ఫెల్డ్ తన 'ఫాలీస్' మొదలుపెట్టిన నాటినుంచి దీనికి ఆకర్షణ ఈకల కిరీటాలు, తళుకుబట్టలు, వరుసలు తీరి మెట్లు దిగే అందగత్తెలు. డబ్బుగలవాడు భోంచేసి వచ్చి, కూర్చుని, నవ్వి, ఇంటికి పోవటానికి ఇంతకంటె అనువైన ఏర్పాటు మరొకటి లేదు. మన విమర్శ పరిభాషలో దీన్ని ఒక్క మాటతో కొట్టిపారెయ్యటం సులభం. నేనూ అలాగే కొట్టిపారేశాను. ఆ మాట అబద్ధం కాదు, కాని దానితో సరిపోదు.

ఎందుకంటే 1929 అక్టోబరులో వాటాల బజారు కుప్పకూలాక ఈకలు కొనే డబ్బే కరువైంది. బ్రాడ్వేలో సగం హాళ్ల మీద పెత్తనం చేసిందా అన్నట్టుండిన షూబర్ట్ సంస్థ 1931లో రిసీవర్ల చేతికి పోయింది. జీగ్‌ఫెల్డ్ 1932 జూలైలో అప్పులు మిగిల్చి చచ్చిపోయాడు. 1929 వసంతంలో 'ది లిటిల్ షో'తో ఊపందుకున్న చిన్న రెవ్యూల పద్ధతికి - అలంకారం తక్కువ, మాట పదును ఎక్కువ - ఈ పరిస్థితి బలం చేకూర్చింది. బట్టల మీద ఖర్చు తగ్గినప్పుడు మాట రాసేవాడికి విలువ వస్తుంది. అలా విలువ వచ్చినవాళ్లలో ఒకడు ఇ. వై. హార్‌బర్గ్. అందరూ 'యిప్' అనేవారు.

ఆయన 1896లో న్యూయార్కు తూర్పు పేటలో, రష్యానుంచి వలసవచ్చిన బీద యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు ఇసిడోర్ హాక్‌బర్గ్. తల్లిదండ్రులు బట్టలు కుట్టే కార్ఖానాల్లో గొడ్డుచాకిరీ చేసినవాళ్లు. పదిమంది పిల్లల్లో బతికి బట్టకట్టింది నలుగురు. వాళ్లలో ఆఖరివాడు ఈయన. కుర్రతనంలో సాయంకాలాలు వీథిదీపాలు వెలిగించే పని చేశాడు. బడిలో పక్కన కూర్చున్నవాడు ఐరా గెర్ష్విన్. ఇద్దరికీ గిల్బర్ట్ హాస్యపద్యాలంటే ప్రాణం. అవి పద్యాలు కావనీ పాటలనీ, సల్లివాన్ వాటికి వరసలు కట్టాడనీ ఐరా తన ఇంట్లో గ్రామఫోను పెట్టి వినిపించేదాకా హార్‌బర్గ్‌కు తెలియదట. మాటకు పాటలో వచ్చే బలం ఏమిటో తెలిసింది ఆనాడేనని ఆయన తరవాత చెప్పుకున్నాడు.

మొదటి ప్రపంచయుద్ధాన్ని ఆయన సోషలిస్టుగా వ్యతిరేకించాడు. యుద్ధానికి పోకుండా దక్షిణ అమెరికాలో ఉరుగ్వే వెళ్లి, ఒక మాంసం కంపెనీలో సుమారు మూడేళ్లు పని చేశాడు. (ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ దీనితో పని ఉంది.) తిరిగివచ్చి విద్యుత్ పరికరాల వ్యాపారంలో దిగి, బాగానే సంపాదించి, 1929లో దివాలా తీశాడు. మిగిలింది వేల డాలర్ల అప్పు. ఐరా కొంత డబ్బు సర్ది, జే గోర్నీ అనే స్వరకర్తను పరిచయం చేశాడు. వ్యాపారం పోయినందుకు హార్‌బర్గ్ ఏడవలేదు. వ్యాపారమే కల, పాటే నిజం అన్న ధోరణిలో ఆయన ముసలితనంలో మాట్లాడాడు. అప్పులవాళ్లకు ఆ తేడా ఎంతవరకు నచ్చిందో మరి!

మొదటి పాటలు కొన్ని రాసింది ఎర్ల్ కారొల్ రెవ్యూలకు. ఆ కారొల్ ప్రదర్శనల్లో జనం చూడవచ్చేది అందగత్తెలను. పాట వాళ్లు నడిచిపోవటానికి ఒక సాకు. కాని ఆ చాకిరీని నేను చులకన చెయ్యను. మూడు నిమిషాల్లో చెప్పదలచింది చెప్పి, చప్పట్లు పుట్టించి, తప్పుకోవాలి. మొదటి పంక్తిలోనే మనిషి కంటికి కనపడాలి. ముందు కథ లేదు, వెనక కథ లేదు. ఈ కట్టడి హార్‌బర్గ్‌కు ఎంత ఉపయోగపడిందీ 1932 అక్టోబరు 5న తేలింది.

ఆనాడు షూబర్ట్ థియేటరులో 'అమెరికానా' అనే రెవ్యూ మొదలైంది. రూపకర్త జె. పి. మెకెవాయ్, పెట్టుబడి పెట్టింది, తన సంస్థే రిసీవర్ల చేతిలో ఉన్న లీ షూబర్ట్. అందులో రొట్టె కోసం బారులు తీరిన మనుషుల దృశ్యం ఒకటి ఉంది. రెక్స్ వెబర్ అనే నటుడు ముందుకు వచ్చి ఒక పాట పాడాడు: 'బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్?' డైమ్ అంటే పది సెంట్లు, డాలరులో పదో వంతు. అప్పట్లో న్యూయార్కు వీథుల్లో ప్రతి మలుపులోను చెవినబడే అడుక్కునే మాట అది.

ఈ పాటలో మనిషి ఆకలిని వర్ణించడు. ఏడ్చే పిల్లలు లేరు, చలి లేదు, చిరుగుల గుడ్డలు లేవు. ఇలాంటి వస్తువు దొరికితే మన కవులైతే మొదటి చరణం కన్నీటితోనే తడిపేవాళ్లు. హార్‌బర్గ్ మనిషి తాను చేసిన పనులు చెబుతాడు. రైలుదారి వేశాడు. ఆకాశమంటే భవనం కట్టాడు. పటాలంలో నడిచాడు. అన్నీ పూర్తయినాయి. పూర్తయినాయి కనకనే అతనితో ఇక పని లేదు. ఒక పక్క రైలుదారి, భవనం, యుద్ధం. రెండో పక్క పది సెంట్లు. ఇది బిచ్చం కాదు, లెక్కల పద్దు. ఒక్క నినాదం లేకుండా, శ్రమ ఎవరిది, ఫలం ఎవరిది అన్న ప్రశ్న ఆ రెండు పక్కల తేడాలోంచి తనంతట తానే లేస్తుంది. తన మనిషి దీనుడు కాడనీ, దిగ్భ్రమ చెందినవాడనీ, ఇంత కట్టిన నాకు ఇదేమిటని అడుగుతున్నాడనీ హార్‌బర్గ్ స్వయంగా వివరించాడు.

ఆనాటి శ్రోతకు ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క దృశ్యం ఉంది. ఎంపైర్ స్టేట్ భవనం 1931 మే 1న తెరిచారు. లోపల గదులకు అద్దెకొచ్చేవాళ్లు లేక, జనం దాన్ని ఖాళీ భవనమని హేళన చేశారు. డైమ్ అనగానే జాన్ డి. రాక్‌ఫెల్లర్ గుర్తొస్తాడు: ఆ కోటీశ్వరుడు కనపడ్డవాళ్లందరి చేతిలో కొత్త డైమ్ ఒకటి పెట్టి ఫొటోలు తీయించుకునేవాడు. ఇక సైనికుడి మాట. 1945లో ఇస్తామన్న బోనసు ఇప్పుడే ఇమ్మని అడగటానికి మాజీ సైనికులు వేలసంఖ్యలో వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకుంటే, 1932 జూలై 28న జనరల్ మకార్థర్ పటాలంతో, బాష్పవాయువుతో వాళ్లను తరిమాడు. గుడిసెలు తగలబడ్డాయి. ఇది జరిగిన పది వారాలకు ఈ పాట రంగస్థలం ఎక్కింది. పాడే మనిషి సైనిక జ్ఞాపకంలోకి పోయినప్పుడు హాలులో ఎవరికీ వ్యాఖ్యానం అవసరం కాలేదు.

ఉరుగ్వే సంగతి ఇక్కడ ఎత్తాలి. ఆ యుద్ధాన్ని ద్వేషించి దేశం విడిచిపోయినవాడు, యుద్ధానికి పోయినవాడి నోటితో, అతని గర్వంతో సహా, రాశాడు. యుద్ధం తప్పని ఆ మనిషికి ఉపన్యాసం చెప్పలేదు. తన అభిప్రాయాన్ని వెనక్కు పెట్టి ఎదుటివాడి అనుభవానికి చోటివ్వటం రచయితకు ఎంత కష్టమో, రాసి చూసినవాళ్లకు తెలుస్తుంది. పాట చివర సంబోధన మారటం కూడా గమనించదగ్గది: అంతవరకు 'బ్రదర్' అన్నవాడు ఆఖరున 'బడ్డీ' అంటాడు. అది పటాలంలో పక్కవాణ్ణి పిలిచే పిలుపు. దారినపోయే అపరిచితుడు ఒక్కసారిగా పాత నేస్తం అవుతాడు. నన్ను ఎరగనట్టు పోతావేం అన్న నిష్ఠూరం అందులో ఉంది.

వరస గోర్నీది. ఆయన బియాలిస్తాక్‌లో పుట్టి చిన్నతనంలో అమెరికా వచ్చినవాడు. పసితనంలో విన్న ఒక యూదు జోలపాట ఆ వరసకు మూలమని చెప్పాడు. పాశ్చాత్య సంగీతంలో విషాదం పలికే మైనర్ స్వరశ్రేణిలో మొదలై, జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి కవాతు నడక పట్టుకుంటుంది. తూర్పు యూరపులో తల్లి పాడిన జోల న్యూయార్కు నిరుద్యోగికి గొంతు అయింది.

'అమెరికానా' 77 ప్రదర్శనలతో మూతపడింది. పాట మూతపడలేదు. అదే నెలలో బింగ్ క్రాస్బీ ఒక రికార్డు, రూడీ వాలీ మరొక రికార్డు ఇచ్చారు. రెండూ దేశమంతా మోగాయి. కొద్ది రోజుల్లో, నవంబరు 8న, హూవర్ ఓడి రూజ్వెల్ట్ గెలిచాడు. పాటవల్ల గెలిచాడనేవాళ్లున్నారు, నేను అంత మాట అనను. కాని రెవ్యూ నాటకం కాకపోవటం పాటకు మేలు చేసిందనటానికి సందేహించను. నాటకంలో పాట కథకు కట్టుబడి ఉంటుంది, కథ పోతే అదీ పోతుంది. రెవ్యూ పాటకు కట్టుగొయ్యి లేదు. టికెట్టు కొనలేనివాడి దగ్గరికి అది రేడియోలో నడిచిపోయింది. ఆ విద్యార్థి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

దీనిమీద ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. ఈ పాటలో సంఘం ఏది? దోషి పేరేది? 'నేను' తప్ప 'మేము' ఎక్కడ? అని. వాదం తేలికగా తోసెయ్యదగింది కాదు. ఆ మనిషి వెనక రొట్టెబారు నిలబడి ఉన్న మాట నిజమే. రికార్డులో మాత్రం అతను ఒంటరి. పైగా రెండు నెలలు తిరక్కుండా 'వాక్ ఎ లిటిల్ ఫాస్టర్' అనే మరో రెవ్యూకు ఇదే హార్‌బర్గ్, అంతవరకు తాను కంటితో చూడని పారిస్‌లో వసంతం గురించి పాట రాశాడు. 1934లో ఐరాతో కలిసి రాసిన 'లైఫ్ బిగిన్స్ ఎట్ 8:40' 237 ప్రదర్శనలు ఆడింది - రొట్టెబారు చూపించిన రెవ్యూకు మూడింతలు. బ్రాడ్వే లెక్కల పుస్తకం దేన్ని ఎక్కువగా మెచ్చిందో ఇందులోనే ఉంది. హార్‌బర్గ్‌ను ఎరుపు చొక్కా తొడిగిన దేవుణ్ణి చెయ్యటం నా ఉద్దేశం కాదు. ఆయన కూలికి పాటలు రాసినవాడు.

కాని తలుపు ఒకసారి తెరుచుకుంది. 1933లో ఇర్వింగ్ బెర్లిన్, మాస్ హార్ట్‌ల 'యాజ్ థౌజండ్స్ చీర్'లో ప్రతి దృశ్యం ఒక పత్రికా శీర్షిక. తెల్లవాళ్ల గుంపు చంపేసిన నీగ్రో భార్య - అప్పటి మాటే వాడుతున్నాను - రాత్రి భోజనం అమర్చుకుంటూ పాడే పాటను, ప్రహసనాల మధ్య, ఎథెల్ వాటర్స్ పాడింది. ఇక నా మిత్రుడు కోరిన 'మేము' 1937 నవంబరు 27న వచ్చింది. మహిళల దుస్తుల కార్మికుల సంఘం తన సొంత హాలులో, 299 కుర్చీల లేబర్ స్టేజిలో, 'పిన్స్ అండ్ నీడిల్స్' అనే రెవ్యూ వేసింది. పాటలు రాసి వరసలు కట్టింది హెరాల్డ్ రోమ్, చదివింది వాస్తుశిల్పం. ఆడిందీ పాడిందీ బట్టలు కత్తిరించేవాళ్లు, కుట్టేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు. పని దిగాక సాధన చేశారు. వాద్యబృందం బదులు రెండు పియానోలు. మొదట శుక్ర, శనివారాల్లోనే ప్రదర్శన, ఎందుకంటే మిగతా రోజుల్లో పొద్దున్నే కార్ఖానాకు పోవాలి. అందులో ఏడుపు లేదు. హిట్లర్, ముస్సోలినీలను శాంతిదూతలని వెక్కిరించే పాట ఉంది, ప్రేమపాటలో సామాజిక స్పృహ ఉండాలని నిలదీసే పాట ఉంది. కథ లేని రూపం కాబట్టి వార్తలు మారినప్పుడల్లా అంశాలు మార్చుకున్నారు. 1940 జూన్‌దాకా 1,108 ప్రదర్శనలు! 77 ఎక్కడ, 1,108 ఎక్కడ! సంఘం అండ ఉన్న పాటకూ లేని పాటకూ తేడా అంత.

హార్‌బర్గ్ తరవాత కథ చాలామందికి తెలిసిందే: 1939లో 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' పాటలు, 1947లో జాతివివక్షను ఎగతాళి చేసిన 'ఫినియన్స్ రెయిన్‌బో'. 1950లో 'రెడ్ ఛానెల్స్' అనే జాబితా పుస్తకంలో ఆయన పేరెక్కింది. 1943 నాటి ఒక ప్రేమపాటలో 'జో' అన్న పేరుంటే, అది జోసెఫ్ స్టాలిన్ అని అనుమానించిన బుద్ధిమంతులు కూడా ఉన్నారు. సినిమా, రేడియో, టెలివిజన్ మూడూ ఆయనకు తలుపులు మూశాయి. దాదాపు పన్నెండేళ్లపాటు మూసే ఉంచాయి.

మూయనిది ఒక్కటే - లాభం కోసం బతికే ఆ బ్రాడ్వే. అక్కడ వస్తువు తయారు చేసేవాళ్లు సరుకు కోసం సరుకు కొనే ప్రకటనదారుకు జవాబు చెప్పనక్కరలేదు. టికెట్టు అమ్ముడైతే చాలు. 1951లో ఆయన 'ఫ్లాహూలీ' 40 ప్రదర్శనలతో పోయింది. 1957లో హెరాల్డ్ ఆర్లెన్ స్వరాలతో, లీనా హార్న్ నాయికగా 'జమైకా' వచ్చింది. ఐదువందలకు పైగా ప్రదర్శనలు ఆడింది. ఆ రోజుల్లో హాలీవుడ్ ఆయనకు ఒక్క పాట పని కూడా ఇవ్వలేదు.