ఏడు శతాబ్దాల పచ్చిక.. గెలిచిన వాడే ‘సర్’!

*సౌతాంప్టన్‌లో 1299 నాటి బౌలింగ్ మైదానం
*ఒకప్పుడు కూలీలకు నిషేధం.. నేడు భారత్‌కూ పసిడి పతకం

టైటానిక్ నౌక 1912లో తన తొలి, తుది ప్రయాణానికి బయలుదేరిన రేవుగా ఇంగ్లండులోని సౌతాంప్టన్ లోకానికి సుపరిచితం. 2021లో ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో భారత జట్టు న్యూజిలాండ్ చేతిలో ఓడింది ఆ నగర శివారులోనే కనుక క్రికెట్ అభిమానులకూ ఆ పేరు గుర్తుంటుంది. ఈ రెండింటికంటే ఎంతో పురాతనమైన విశేషం ఆ ఊరిలో మరొకటి ఉంది. పాత కోట గోడలకు చేరువలో, లోయర్ కెనాల్ వాక్ అనే వీధి పక్కన ఉన్న చిన్న పచ్చిక మైదానమే అది. పేరు సౌతాంప్టన్ ఓల్డ్ బౌలింగ్ గ్రీన్.

ఈ స్థలం చరిత్ర 1299 నుంచి మొదలవుతుందని అక్కడి క్లబ్ సగర్వంగా చెప్పుకుంటుంది. పన్నెండో శతాబ్దం చివరిలో పేదలకు, బాటసారులకు ఆశ్రయమిచ్చేందుకు వెలసిన ‘గాడ్స్ హౌస్’ సత్రం దీనికి పొరుగునే ఉంది. తమది 1294 నాటిదంటూ చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలోని క్లబ్ పోటీకి వస్తుంది. ఏడు వందల ఏళ్ల లెక్కలో ఐదేళ్ల కోసం రెండు ఊళ్లు పట్టుబట్టడం ముచ్చట గొలిపేదే.

ఆట తీరు ఇదీ..

గోలీలాట ఆడిన వారికి లాన్ బౌల్స్ అర్థం కావడం కష్టం కాదు. ‘జాక్’ అనే చిన్న తెల్లని బంతిని ముందుగా దొర్లించి నిలుపుతారు. ఆపై ఆటగాళ్లు తమ పెద్ద బంతులను దానికి వీలైనంత చేరువగా దొర్లించాలి. కిటుకంతా ఆ పెద్ద బంతిలోనే ఉంది. అది పూర్తిగా గుండ్రంగా ఉండదు. ఒక పక్కకు మొగ్గేలా మలచి ఉండడంతో వేగం తగ్గే కొద్దీ వంపు తిరుగుతుంది. జాక్‌కు సూటిగా గురి పెట్టిన వాడు తప్పిపోతాడు. వంపును ముందే లెక్కగట్టి పక్కకు విడిచిన వాడు గెలుస్తాడు. బలం కంటే ఓర్పు, అంచనా ముఖ్యం కనుకనే తాత, మనవడు ఎదురెదురుగా నిలిచి ఆడగల అరుదైన ఆటగా ఇది నిలిచింది.

రాజుగారి నిషేధం

ఇంత నెమ్మదైన ఆటను సైతం ప్రభువులు సహించలేదు. ప్రజలు విలువిద్య అభ్యసించక ఆటల్లో పొద్దు పుచ్చుతున్నారన్నది వారి అభ్యంతరం. ఎనిమిదో హెన్రీ కాలంలో 1541లో వచ్చిన చట్టం కూలీలు, చేతివృత్తుల వారు, పనివాళ్లు, శిష్యరికంలోని యువకులు ఈ ఆట ఆడరాదని శాసించింది. క్రిస్మస్ పండుగ రోజుల్లో మాత్రమే, అదీ యజమాని ఇంట, యజమాని సమక్షంలో వారికి మినహాయింపు. ఏటా 100 పౌన్లు ఆదాయమిచ్చే భూమి ఉన్నవారు మాత్రం అనుమతి పొంది సొంత మైదానంలో ఆడుకోవచ్చు. అంటే తప్పు ఆటది కాదు, ఆడేవాడి పేదరికానిదన్నమాట! ఈ నిషేధం 1845లో గానీ తొలగలేదు. అప్పటికే 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. చదునైన పచ్చికను పెంచడం సులువైంది. గ్లాస్గోకు చెందిన డబ్ల్యూ.డబ్ల్యూ.మిచెల్ 1849 నాటికి ఆట నిబంధనలను క్రోడీకరించాడు. ఇంగ్లండులో 1903లో ఏర్పడిన బౌలింగ్ సంఘానికి తొలి అధ్యక్షుడు మరెవరో కాదు, క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ.జి.గ్రేస్.

టోపీ, కోటు ధరించిన ‘నైట్లు’

సౌతాంప్టన్ క్లబ్‌కు అసలు గుర్తింపు ‘నైట్‌హుడ్’ పోటీ. 1776లో మొదలైన ఈ పోటీని ఆగస్టు మాసంలో నిర్వహిస్తారు. పూర్వ విజేతలు పొడవాటి టోపీలు, తోక కోట్లు ధరించి, మెడలో పతకాలతో న్యాయనిర్ణేతలుగా మైదానంలోకి వస్తారు. జాక్‌ను ఎక్కడ ఉంచాలన్నది వారే నిర్ణయిస్తారు. దగ్గరగా నిలిచిన బంతి ఎవరిదో కొలిచి తేల్చేదీ వారే. ముందుగా ఏడు పాయింట్లు సాధించిన వాడు విజేత. పోటీదారులు ఎక్కువగా ఉండడంతో ఫలితం ఒక్క రోజులో తేలకపోవడమూ కద్దు. గెలిచిన సభ్యుడు మైదానంలో ‘సర్’ అని పిలిపించుకుంటాడు. ఆ బిరుదుకు రాజముద్రతో పనిలేదు. అయితే ఒకసారి నైట్ అయిన వాడు మళ్లీ ఈ పోటీలో దిగరాదు. పతకం ఏటా కొత్త చేతికి దక్కాలన్న ఈ కట్టుబాటు క్లబ్‌ను ఒకరిద్దరి సొత్తు కానీయలేదు. కూలీలను కాదన్న చట్టం అమలులో ఉన్న రోజుల్లోనే సామాన్య సభ్యుడిని ‘సర్’ను చేసే ఆచారం పుట్టడం విశేషం.

1940 చివరిలో జర్మనీ బాంబు దాడులకు సౌతాంప్టన్ నడిబొడ్డు చాలావరకు నేలమట్టమైంది. పచ్చిక మిగిలింది. ఖాళీ జాగా కనబడితే కట్టడం లేచే రేవు పట్టణంలో ఇంత కాలం ఒక ఆట స్థలం ఆట స్థలంగానే ఉండడం చిన్న సంగతి కాదు.

మనవాళ్ల పసిడి

1930లో మొదలైన కామన్వెల్త్ క్రీడల్లో, 1966 మినహా 2022 వరకు ప్రతిసారీ లాన్ బౌల్స్ ఉంది. భారత్‌కు ఇందులో తొలి పతకం 2022 బర్మింగ్‌హామ్ క్రీడల్లో దక్కింది. మహిళల ఫోర్స్ విభాగం ఫైనల్‌లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి టిర్కీల జట్టు 17-10తో దక్షిణాఫ్రికాను ఓడించి స్వర్ణం గెలుచుకుంది. వారిలో లవ్లీ అప్పట్లో ఝార్ఖండ్ పోలీసు శాఖలో, నయన్‌మోని అస్సాం అటవీ శాఖలో ఉద్యోగినులుగా ఉన్నారు. అదే క్రీడల్లో పురుషుల జట్టు రజతం సాధించింది.