తాకట్టు, మార్జిన్, రెండవ ఇల్లు: గృహఋణ నిబంధనల చారిత్రక పరిశీలన

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తాకట్టును నిర్వచించినప్పుడు ఇంటికి వరుస సంఖ్య లేదు. ఋణగ్రహీతకు అది మొదటి ఇల్లా, రెండవదా అన్నది 58వ సెక్షనుకు పట్టదు. ఏ హక్కు, ఏ షరతుపై ఎవరి చేతికి మారుతున్నదనేదే దానికి ముఖ్యం. హక్కు పత్రాలను ఋణదాతకు అప్పగించి చేసే తాకట్టు 1929 సవరణతో ఈ సెక్షనులో చేరింది. నేటి గృహఋణాలలో విరివిగా కనిపించేది ఇదే. ఇక్కడ 'డిపాజిట్' అంటే పత్రాల అప్పగింత. ఇంగ్లండు గృహఋణ పరిభాషలో అదే మాటకు కొనుగోలుదారు ముందుగా చెల్లించే సొంత సొమ్ము అని అర్థం. మన బ్యాంకులు దానిని మార్జిన్ అంటాయి. ఈ అర్థభేదం తెలియకపోతే పత్రాలలోని మాట డబ్బుగా భ్రమింపజేస్తుంది.

1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఏర్పడిన తరువాత గృహఋణం మధ్యతరగతికి క్రమంగా అందుబాటులోకి వచ్చింది. అయితే ఇళ్ల లెక్క రిజర్వు బ్యాంకు నిబంధనలలో స్పష్టంగా కనబడేది 2009లో. ఒక వ్యక్తి కొనే మూడవ ఇంటి నుండి ఋణాన్ని వాణిజ్య స్థిరాస్తి ఋణంగా పరిగణించాలని అప్పుడు నిర్దేశించారు. అటువంటి ఇళ్లను అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే అప్పు తీర్చే అవకాశం ఉందన్నది దానికి చెప్పిన కారణం. గమనించదగినది ఇక్కడే ఉంది: రెండవ ఇల్లు మొదటి ఇంటి సరసనే నిలిచింది. రెండవ ఇంటికి మార్జిన్ ఎక్కువ కట్టాలన్నది చాలామందిలో ఉన్న నమ్మకం. ఒక బ్యాంకు తన విచక్షణతో అలా అడగవచ్చు గాని, రిజర్వు బ్యాంకు పరిమితి మాత్రం ఇంటి సంఖ్యను చూడదు, ఋణ పరిమాణాన్ని చూస్తుంది.

ఆ పరిమితి 2010 చివరలో వచ్చింది. 20 లక్షల వరకు ఋణాలకు ఇంటి విలువలో 90 శాతం, ఆపైన 80 శాతం మించరాదన్నారు. 2015లో తొలి శ్రేణిని 30 లక్షలకు పెంచారు; 75 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం. కాగితంపై పదిశాతం మార్జిన్ స్వల్పంగానే తోస్తుంది. కాని 2012 నుండి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపరాదు (చిన్న ఇళ్లకు తరువాత కొంత మినహాయింపు ఇచ్చారు). తెలంగాణలో ఈ ఖర్చులు 7.5 శాతం. 30 లక్షల ఇంటికి 27 లక్షల అప్పు దొరికినా, 3 లక్షల మార్జిన్‌కు 2.25 లక్షలు తోడై సొంత సొమ్ము 5.25 లక్షలవుతుంది. అంటే ధరలో 17.5 శాతం. మొదటి ఇంటి వాయిదాలు నడుస్తుండగా ఈ మొత్తం కూడబెట్టడం ఎంత కష్టమో జీతగాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఒత్తిడినే నిర్మాణ సంస్థలు 20:80 పథకాలుగా మలచుకున్నాయి. కొనుగోలుదారు కొంత కడితే మిగిలినది బ్యాంకు ముందే నిర్మాతకు చెల్లించేది. నిర్మాణం సాగినంత కాలం వడ్డీని నిర్మాత భరించేవాడు. అతడు చేతులెత్తేస్తే అప్పు మాత్రం కొనుగోలుదారు పేరనే ఉండేది. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు సొమ్ము విడుదలను నిర్మాణ దశలతో ముడిపెట్టింది. గృహఋణ సంస్థలు ఇటువంటి వడ్డీ పథకాలకు దూరంగా ఉండాలని నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2019 జులైలో సూచించింది.

పన్ను చట్టం లెక్క వేరు. సొంత నివాసంగా ఒకే ఇంటిని గుర్తించి, ఖాళీగా ఉన్న రెండవ ఇంటికి ఊహాత్మక అద్దె కట్టే పద్ధతి చాలాకాలం సాగింది. 2019 బడ్జెట్ రెండిళ్లను సొంత నివాసంగా ఒప్పుకున్నది. 2015లో మొదలై 2022 వరకు సాగిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన వడ్డీ రాయితీ మాత్రం దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబానికే దక్కేది.