పురిటిగదిలోని చలనచిత్రము

పురిటిగది గుమ్మము వెలుపల పచార్లు చేసిన తండ్రులలో నేనొకఁడను. కావుననే అమెరికా దేశస్థుఁడగు స్టాన్ బ్రాకేజ్ 1959లో వెలువరించిన 'విండో వాటర్ బేబీ మూవింగ్' అను చిత్రము నన్నుఁ గదల్చినది. నిడివి సుమారు 12 నిమిషములు. మాట లేదు, పాట లేదు. కిటికీ వెలుఁగు, స్నానపు నీరు, నిండుచూలాలి నవ్వు, నడుమనడుమ ప్రసవవేదన.

ముద్దును 1896లోనే తెరపైఁ జూపిరి. దాంపత్యమును జూపినవారు మాత్రము కొందఱే. ఇందు భర్త కెమెరాచాటున దాఁగియుండలేదు. బిడ్డ పుట్టిన పిదప భార్య యా యంత్రమునందుకొని, ఆనందమున వడఁకు నతని ముఖమును జిత్రించినది.

ఇట్టి చిత్రములు ఊరూర ఆడవు. కొలఁదిమందియే వెదకి చూతురు. నేను కుతూహలముతో మొదలిడి సిగ్గుతో ముగించితిని. ఆనాఁడు నా యిల్లాలు పడిన బాధను తలుపుచాటున వింటినే గాని, దాపునఁ గూర్చుండి చేయి పట్టుకొననైతిని.